అమెరికాలో ట్రావెల్ పీటీగా (ఫిజికల్ థెరపిస్ట్‌గా) వెళ్దామనుకుంటున్నారా? ఊరు ఆఖర్న చూడండి, ముందు ఇవి చూడండి

నన్ను అడిగేవాళ్ళలో ఎక్కువమంది మొదలుపెట్టేదే "ఏ స్టేట్ బాగుంటుంది అక్కా, అలాస్కా వెళ్ళొచ్చా, హవాయి వెళ్ళొచ్చా" అని. తప్పేం లేదు, నేనూ మొదట్లో అమెరికా మ్యాప్ ముందేసుకునే కూర్చున్నా. కానీ ఇన్ని కాంట్రాక్టులు చేశాక గట్టిగా చెప్తున్నా, ఊరు ఆఖర్న చూడాల్సిన విషయం. ముందు లైసెన్స్, తర్వాత ఏ సెట్టింగ్ (అంటే ఎలాంటి చోట పని), ఆ తర్వాత కాగితం మీద ఏం రాసుంది. ఈ మూడూ కుదిరితే ఏ ఊరైనా బాగానే ఉంటుంది, కుదరకపోతే సముద్రం ఒడ్డున రూమ్ దొరికినా రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చుని నోట్స్ రాసుకోవడమే మిగుల్తుంది.

కొత్తవాళ్ళ కోసం ఒక్క ముక్క. ఒక క్లినిక్‌లోనో నర్సింగ్ ఫెసిలిటీలోనో పీటీ మెటర్నిటీ లీవ్ మీద వెళ్తారు, లేదా మానేస్తారు, లేదా అది చిన్న ఊరు కాబట్టి అసలు ఎవరూ రారు, అప్పుడు ఏజెన్సీ ద్వారా కొన్ని వారాలకి ఒకర్ని తెచ్చుకుంటారు. మామూలుగా 13 వారాలు. 8 వారాలవీ దొరుకుతాయి, స్కూల్ కాంట్రాక్టులైతే స్కూల్ ఇయర్ అంతా ఉంటాయి. మీ ఎంప్లాయర్ ఏజెన్సీయే, పని చేసే చోటు వేరే, ఈ తేడా గుర్తుంచుకుంటే తర్వాత చాలా విషయాలు తేలిగ్గా అర్థమవుతాయి.

ఇక లైసెన్స్. ఎన్‌పీటీఈ అనే పీటీ లైసెన్స్ పరీక్ష ఏడాదికి నాలుగుసార్లు పెడతారు, జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్, 200 నుంచి 800 స్కేల్ మీద 600 వస్తే పాస్. పరీక్ష ఒక్కటే గానీ లైసెన్స్ ఏ స్టేట్‌కి ఆ స్టేట్‌దే, అక్కడే మన టైమంతా పోయేది. అందుకే 2018 జూలై నుంచి పీటీ కాంపాక్ట్ అని స్టేట్స్ మధ్య ఒక ఒప్పందం వచ్చింది, మీ హోమ్ స్టేట్ అందులో మెంబర్ అయ్యుండి, మీ లైసెన్స్ మీద మచ్చ లేకపోతే, మిగతా మెంబర్ స్టేట్స్‌లో ప్రివిలేజ్, అంటే అక్కడ పని చేసే అనుమతి, కొనుక్కోవచ్చు, చాలాసార్లు ఒకటి రెండు రోజుల్లో పని అయిపోతుంది. టెక్సాస్, అరిజోనా లాంటివి తమ చట్టాల మీద చిన్న పరీక్ష అడుగుతాయి, ఇంట్లో కూర్చునే రాసేయొచ్చు.

ఇక్కడ అందరూ పప్పులో కాలేసేది ఒక చోట ఉంది. హోమ్ స్టేట్ అంటే మీకు లైసెన్స్ ఉన్న స్టేట్ కాదు, మీరు నిజంగా కాపురం ఉండే స్టేట్, డ్రైవింగ్ లైసెన్స్ కూడా అక్కడిదే ఉండాలి. ఇది రాసేటప్పటికి కాలిఫోర్నియా, న్యూయార్క్ కాంపాక్ట్‌లో లేవు, కాబట్టి న్యూయార్క్‌లో ఉంటూ చేతిలో టెక్సాస్ లైసెన్స్ ఉన్నా ప్రివిలేజ్‌లు రావు, స్టేట్ స్టేట్‌కీ విడిగా అప్లై చేసుకోవాల్సిందే. విడిగా అంటే స్కోర్ ట్రాన్స్‌ఫర్, వేలిముద్రలు, ఇదివరకు లైసెన్స్ ఉన్న ప్రతి స్టేట్ నుంచి వెరిఫికేషన్. కాలిఫోర్నియాకైతే దాని లా ఎగ్జామ్ కూడా కలిపి నెలల్లో లెక్కేసుకోండి. వెళ్ళాలన్న ఆలోచన ఉంటే ఇవాళే మొదలుపెట్టండి, ఉద్యోగం చూసుకుని తర్వాత అప్లై చేద్దాం అంటే ఆ ఉద్యోగం మీకోసం ఆగదు.

వీసా సంగతి మనవాళ్ళకి ఎవరూ సరిగ్గా చెప్పరు. హెచ్1బీ మీద ఉంటే పని చేసే చోటు వేరే మెట్రో ఏరియాకి మారిన ప్రతిసారీ అక్కడ మొదలుపెట్టేలోపే అమెండెడ్ పిటిషన్ ఫైల్ చేయాలి, కాబట్టి మూడు నెలలకో ఊరు అనేది హెచ్1బీ మీద దాదాపు కుదరని పని. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళకి, లేదా ఈఏడీ (వర్క్ పర్మిట్) చేతిలో ఉన్నవాళ్ళకి, హెచ్4 ఈఏడీ అయినా సరే, ఈ గొడవ ఉండదు. ఒక మంచి విషయం ఏంటంటే ఫిజికల్ థెరపిస్టులు షెడ్యూల్ ఏ లిస్టులో ఉన్నారు, అంటే గ్రీన్‌కార్డ్‌కి పెర్మ్ అనే లేబర్ సర్టిఫికేషన్ దశ లేకుండా ఎంప్లాయర్ నేరుగా ఐ-140 అనే గ్రీన్‌కార్డ్ పిటిషన్ వేయొచ్చు. క్యూ మాత్రం అందరిలాగే కాయాలి. "మేం హెచ్1బీ మీద ట్రావెల్ చేయిస్తాం" అని ఎవరైనా తియ్యగా చెప్తే సంతకం పెట్టేముందు ఆ అగ్రిమెంట్ ఒక లాయర్‌కి చూపించండి, మధ్యలో వదిలేస్తే ఎంత కట్టాలో అందులోనే ఎక్కడో రాసి ఉంటుంది.

ఇప్పుడు సెట్టింగ్, నా దృష్టిలో అసలైన నిర్ణయం ఇదే. ట్రావెల్‌లో ఎక్కువగా దొరికేవి స్నిఫ్ (స్కిల్డ్ నర్సింగ్ ఫెసిలిటీ), హోమ్ హెల్త్ (పేషెంట్ ఇంటికే వెళ్ళి చేసేది), అవుట్‌పేషెంట్ (పేషెంట్లే క్లినిక్‌కి వచ్చేది). హాస్పిటల్ అక్యూట్ కేర్ తక్కువ, వచ్చినా ఎక్స్‌పీరియన్స్ అడుగుతారు. హోమ్ హెల్త్‌లో డబ్బు బాగుంటుంది గానీ ఓయాసిస్ అనే పెద్ద అసెస్‌మెంట్ ఫారం పేపర్‌వర్క్ ఎప్పుడూ చేయనివాళ్ళు 13 వారాల కాంట్రాక్టులో నేర్చుకుందామంటే నలిగిపోతారు, కారు మీద పడే మైళ్ళు సరేసరి. అవుట్‌పేషెంట్ అయితే గంటకి ఎంతమందిని చూడాలో అడగండి, ఒకేసారి ముగ్గురు అంటే నేనైతే అక్కడే ఫోన్ పెట్టేస్తా.

స్నిఫ్‌లో అడగాల్సిన మొదటి మాట ప్రొడక్టివిటీ. 90 శాతం అన్నారనుకోండి, 8 గంటలంటే 480 నిమిషాలు, అందులో 432 నిమిషాలు పేషెంట్‌తో బిల్ అయ్యే టైమ్ ఉండాలి, మిగిలిన 48 నిమిషాల్లోనే నర్సుతో మాట్లాడటం, పేషెంట్ బాత్రూమ్ నుంచి వచ్చేదాకా ఆగటం, ఫ్యామిలీకి ఫోన్, డాక్టర్‌కి ఫోన్, అన్నీ. కాగితం మీద శాతంలా కనిపించేది నేల మీద ఎలా ఉంటుందో ఒకటి చెప్తా. అరిజోనాలో ఒక చిన్న ఊళ్ళో, జనవరి నెల, చలికి తట్టుకోలేక ఉత్తరం నుంచి వచ్చి నాలుగైదు నెలలు ఉండే పెద్దవాళ్ళతో ఊరంతా నిండిపోయి ఉంది, వాళ్ళని స్నోబర్డ్స్ అంటారు. అలా మిన్నెసోటా నుంచి ఆర్‌వీలో (లోపలే ఇల్లులా ఉండే బండి) వచ్చిన ఒకాయన, మోకాలి రీప్లేస్‌మెంట్ అయింది, మా జిమ్‌లో ట్రైనింగ్ మెట్లు చక్కగా ఎక్కేస్తున్నాడు, అందరూ డిశ్చార్జ్‌కి రెడీ అంటున్నారు. వాళ్ళావిడ మాత్రం ముఖం చిన్నబుచ్చుకుని "మా బండి మెట్లు ఇలా ఉండవమ్మా" అంది. లంచ్‌లో టేప్ పట్టుకుని పార్కింగ్‌లోకి వెళ్ళి కొలిచా, నేల నుంచి మొదటి మెట్టు పన్నెండు అంగుళాల పైనే, పట్టుకోవడానికి ఒక వైపే చిన్న హ్యాండిల్. మా జిమ్ మెట్టు ఆరంగుళాలు. తర్వాత నాలుగు రోజులు ప్లాట్‌ఫామ్ ఎత్తు పెంచుకుంటూ ఒంటి చేత్తో పట్టుకుని ఎక్కడం, వెనక్కి దిగడం చేయించాం. ఆయన వెళ్ళేరోజు తన బండి తనే ఎక్కాడు. ఆ కొలిచిన పదిహేను నిమిషాలకి బిల్ లేదు. 75, 80 శాతం అడిగే బిల్డింగ్‌లో ఇలాంటి పనికి చోటుంటుంది, 92 అడిగే చోట ఉండదు, లేదా మీ లంచ్‌లోంచి పోతుంది. అందుకే అంటున్నా, ఎంత ఇస్తారో అడిగేలోపు ఇది అడగండి.

ఇంటర్వ్యూలో ఇంకా అడగాల్సినవి చాలానే ఉన్నాయి. ఈ పోస్ట్ ఎందుకు ఖాళీ అయింది, నాకు ముందు ఎంతమంది ట్రావెలర్లు వచ్చి వెళ్ళారు, ఇంకో పీటీ ఉన్నారా లేక నేనొక్కదాన్నేనా, ఎంతమంది పీటీఏల (పీటీ అసిస్టెంట్ల) నోట్స్‌కి నేను సంతకం పెట్టాలి, వేరే బిల్డింగ్‌కి పంపిస్తారా, పంపిస్తే మైలేజీ ఎవరిస్తారు, ఏ సాఫ్ట్‌వేర్. కొత్తగా డిగ్రీ అయినవాళ్ళైతే నేనొక్కదాన్నే అనే చోటికి దయచేసి వెళ్ళకండి, పక్కన అడగడానికి ఒక మనిషి ఉండటం ఏ స్టైపెండ్‌కైనా ఎక్కువే. నన్నడిగితే ఒక ఏడాదైనా పర్మనెంట్ చేసి రమ్మంటా.

డబ్బు. వారానికి మొత్తం ఇంత అని రిక్రూటర్ చెప్పే అంకెలో రెండు ముక్కలుంటాయి, ట్యాక్స్ పడే గంట జీతం, ట్యాక్స్ పడని హౌసింగ్, భోజనం స్టైపెండ్. లెక్క కోసం ఒకటి వేసుకుందాం, గంటకి 25 డాలర్ల చొప్పున 40 గంటలు 1000, హౌసింగ్ 700, భోజనం 350, మొత్తం వారానికి 2050. బాగుంది కదా. ఇప్పుడు పేషెంట్లు తగ్గి మిమ్మల్ని మధ్యాహ్నమే ఇంటికి పంపేస్తున్నారు, 30 గంటలే వచ్చాయి. జీతం 750కి దిగింది, గంటల ప్రకారం స్టైపెండ్ కూడా కోస్తే అది 1050 నుంచి 787కి దిగింది, రెండూ కలిపి 1537. ఇంటి అద్దె మాత్రం మారదు. నా మూడో కాంట్రాక్టులో అచ్చం ఇదే జరిగింది, ఐదు వారాలు అలాగే నడిచింది, ఏజెన్సీకి ఫోన్ చేస్తే "కాంట్రాక్టులో గ్యారంటీడ్ అవర్స్ అని లేదు కదా" అన్నారు, తీసి చూస్తే నిజంగానే లేదు, రిక్రూటర్ ఫోన్‌లో చెప్పిన మాట నమ్మి సంతకం పెట్టేశా. అప్పట్నుంచి గ్యారంటీడ్ అవర్స్ ఎన్ని, మధ్యలో ఆపేస్తే ఎన్ని రోజుల నోటీస్, నాకు కావాల్సిన సెలవుల తేదీలు, ఈ మూడూ కాగితం మీద చూసుకోకుండా సంతకం చేయట్లేదు.

ఆ స్టైపెండ్ ట్యాక్స్ లేకుండా రావాలంటే మీకు ట్యాక్స్ హోమ్ ఉండాలి, ఇది ఐఆర్‌ఎస్ (అమెరికా ట్యాక్స్ శాఖ) రూల్, రిక్రూటర్ మాట కాదు. ఫ్రెండ్ ఇంటి అడ్రస్ ఇచ్చేస్తే అది ట్యాక్స్ హోమ్ అవ్వదు. ట్యాక్స్ హోమ్ అన్న చోట మీరు నిజంగా అద్దె గానీ మార్ట్‌గేజ్ గానీ కట్టాలి, పని చేసే ఊళ్ళో ఖర్చు దానికి అదనంగా ఉండాలి, మధ్యమధ్యలో అక్కడికి వెళ్ళి వస్తూ ఉండాలి. ఒకే చోట ఏడాది దాటుతుందని తెలిసిన రోజునుంచి ఆ స్టైపెండ్‌కి ట్యాక్స్ పడుతుంది. 50 మైళ్ళు దాటితే చాలు అని అందరూ చెప్తుంటారు, అలాంటి ఐఆర్‌ఎస్ రూల్ లేదు. ట్యాక్స్ హోమ్ లేకపోయినా ట్రావెల్ చేయొచ్చు, మొత్తం మీద ట్యాక్స్ కట్టేస్తే సరి, దొంగతనంగా మాత్రం తీసుకోకండి. ఇంకో సంగతి, ట్యాక్స్ పడే జీతం తక్కువ చూపిస్తే ఇల్లు కొనేటప్పుడు బ్యాంకువాళ్ళు చూసేది ఆ తక్కువ అంకెనే. ట్రావెలర్ల ట్యాక్స్ చేసే సీపీఏ (అకౌంటెంట్) దగ్గరికి ఒకసారి వెళ్ళండి, ఆ ఫీజు దండగ కాదు.

సరే, ఇప్పుడు ఊళ్ళు. డబ్బు కోసమైతే కాలిఫోర్నియా, అందులోనూ బీచ్ ఊళ్ళు కాదు, ఫ్రెస్నో, బేకర్స్‌ఫీల్డ్, వైసేలియా లాంటి సెంట్రల్ వ్యాలీ. అద్దె కాస్త తగ్గుతుంది, వైసేలియా నుంచి సెకోయా నేషనల్ పార్క్ గంట దూరం, పైగా అక్కడ రోజుకి 8 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలని చట్టం. అరిజోనా చలికాలం బెస్ట్, అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా స్నోబర్డ్స్ వల్ల ఫీనిక్స్, టూసాన్, యూమా చుట్టుపక్కల పని ఎక్కువ, కాంపాక్ట్ స్టేట్ కూడా, మొదటి కాంట్రాక్టుకి నేను చెప్పేది ఇదే. వేసవిలో అక్కడ హోమ్ హెల్త్ మాత్రం వద్దు, కారు స్టీరింగ్ ముట్టుకోలేరు. వాషింగ్టన్‌లో యాకిమా, స్పోకేన్ వైపు, న్యూ మెక్సికోలో గ్యాలప్, ఫార్మింగ్టన్ లాంటి చోట్ల మనిషి దొరకడం కష్టం కాబట్టి మీ మాట చెల్లుతుంది, నాలుగు రోజులు పదేసి గంటలు అడిగి మూడ్రోజులు తిరగొచ్చు. అలాస్కా వెళ్ళాలనే కోరిక బలంగా ఉంటే వేసవికి పెట్టుకోండి, జూనోకి అసలు రోడ్డే లేదు, విమానంలోనో ఫెర్రీలోనో వెళ్ళాలి, కారు కూడా ఫెర్రీ మీదే. హవాయికి వెళ్ళాలనుకునేవాళ్ళు ఎక్కువ కాబట్టి పే తక్కువ, అద్దె ఎక్కువ. డబ్బు మిగలదని ముందే ఒప్పుకుని, మూడు నెలలు దీవిలో ఉన్నామన్న సంతోషానికి వెళ్తే బాధ ఉండదు. ఇక నవంబర్‌లో మొదలయ్యే మిన్నెసోటా, నార్త్ డకోటా హోమ్ హెల్త్ అంటే మంచులో డ్రైవింగ్ అలవాటున్నవాళ్ళే తీసుకోండి.

ఇల్లు దొరకడానికి ఫర్నిష్డ్ ఫైండర్ అనే వెబ్‌సైట్ బాగా వాడతారు. మొదటి వారం ఎక్స్‌టెండెడ్ స్టే హోటల్లో దిగి, కళ్ళతో చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి, ఫోటోలు చూసి డిపాజిట్ పంపితే పోయినట్టే అనుకోండి. మూడు నెలల లీజ్ కంటే నెలనెలా మార్చుకునేది మేలు, ఎందుకంటే కాంట్రాక్ట్ రెండు వారాల నోటీస్‌తో ఆగిపోవచ్చు.

వెతకడం నాలుగు నుంచి ఆరు వారాల ముందు మొదలుపెడితే చాలు, ఇద్దరు ముగ్గురు రిక్రూటర్లతో మాట్లాడండి, కానీ "నన్ను అడక్కుండా నా ప్రొఫైల్ ఎక్కడికీ పంపొద్దు" అని మెసేజ్ రూపంలో చెప్పండి. ఒకే జాబ్‌కి ఇద్దరు పంపితే ఫెసిలిటీవాళ్ళు అసలు మీ పేరే పక్కన పెట్టేస్తారు. సీపీఆర్ కార్డు, టీబీ టెస్ట్, హెపటైటిస్ బీ టైటర్ (టీకా పనిచేసిందో లేదో చూసే రక్తపరీక్ష), ఫ్లూ షాట్, ఇద్దరు రిఫరెన్సులు, ఇవన్నీ స్కాన్ చేసి ఫోన్‌లో ఒకే ఫోల్డర్‌లో ఉంచుకోండి, ఇవి లేక మొదలయ్యే తేదీ వారం వెనక్కి పోయినవాళ్ళని చాలామందిని చూశా.

మొదటిరోజు వెళ్ళగానే అడగాల్సింది ప్రోగ్రెస్ రిపోర్టులు ఏవి డ్యూ ఉన్నాయని. మెడికేర్ (పెద్దవాళ్ళ ప్రభుత్వ ఇన్సూరెన్స్) పార్ట్ బీ పేషెంట్లకి పది ట్రీట్‌మెంట్ రోజులకోసారి పీటీ రాయాలి, ముందున్న పీటీ వెళ్ళిపోయి రెండు వారాలైతే అవన్నీ మీ నెత్తిన కుప్ప పోసి ఉంటాయి, ఆ లిస్ట్ సోమవారమే చూపించి "ఇవి తీరేదాకా ప్రొడక్టివిటీ తగ్గుతుంది" అని మేనేజర్‌తో చెప్పేయండి, శుక్రవారం చెప్తే సాకులా వినిపిస్తుంది. పని నచ్చి ఇంకో 13 వారాలు ఉందామనిపిస్తే ఎనిమిదో వారంలోనే అడగండి, పదకొండో వారానికల్లా వాళ్ళు ఇంకొకర్ని చూసేసుకుని ఉంటారు.