సామాను సరైనదే, కారు ఒప్పుకోవడం లేదు: లగ్జరీ కారులో కంపెనీ ఇవ్వని సౌకర్యాలు బిగించాక వచ్చే సమస్యలు, పరిష్కారాలు

చెన్నై దగ్గర మహీంద్రా వరల్డ్ సిటీలో బీఎండబ్ల్యూ, పుణె దగ్గర చాకన్‌లో మెర్సిడెస్ కార్లు తయారవుతాయి. యూరప్ కొనుగోలుదారుకు ఉన్నట్టు ఒక్కొక్క సౌకర్యాన్నీ విడిగా ఎంచుకునే వీలు మనకు తక్కువ. రెండు మూడు వేరియంట్లుగా కట్టి ఇస్తారు. కింది వేరియంట్ తీసుకుంటే వెనక కెమెరా ఉండకపోవచ్చు, డిక్కీ దానంతటది తెరుచుకోదు, పక్క అద్దాలు ముడుచుకోవు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారికైతే మొదటి యజమాని తీసుకున్న వేరియంటే దిక్కు. ఆ వెలితి పూడ్చుకోవడానికి బెంగళూరులో జె.సి. రోడ్డు నుంచి శివాజీనగర్ దాకా తిరిగే తెలుగువాళ్లు నాకు చాలామంది తెలుసు. నేనూ ఆరేళ్లుగా నా పాత సెడాన్‌కు ఒక్కొక్కటిగా బిగించుకుంటూ వస్తున్నాను.

ఒక విషయం ముందే చెప్పాలి. ఈ కార్లకు ఫ్యాక్టరీలోనే ఒక జాతకం రాసిపెడతారు. బీఎండబ్ల్యూలో దాన్ని వెహికల్ ఆర్డర్ అంటారు. మెర్సిడెస్‌లో డేటా కార్డు. ఆడీలో పి.ఆర్. కోడ్లు, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంత దగ్గర అంటించిన స్టిక్కరు మీద కనిపిస్తాయి. 17 అక్షరాల ఛాసిస్ నంబరుతో ఈ జాబితా తీయించుకోవచ్చు. కారులోని కంప్యూటర్లు తమ దగ్గర ఏమున్నదీ, ఏం లేనిదీ ఈ జాబితా ప్రకారమే నిర్ణయించుకుంటాయి. కాబట్టి ఏ సమస్య వచ్చినా మూడు ప్రశ్నలు ఇదే వరుసలో అడగాలి. తెచ్చిన సామాను సరైన రకమేనా? దానికి కరెంటు, సిగ్నల్ అందుతున్నాయా? అది వచ్చిందని కారుకు చెప్పారా? చాలా దుకాణాల్లో మూడో ప్రశ్నతో, అంటే ల్యాప్‌టాప్‌తో మొదలుపెడతారు. డబ్బు వృథా అయ్యేది అక్కడే.

స్కానర్ పెడితే కొత్త మాడ్యూల్ కనబడటం లేదు

మాడ్యూల్ అంటే ఒక్కో సౌకర్యాన్ని నడిపే చిన్న కంప్యూటర్ పెట్టె, కప్లర్ అంటే దానికి తీగలు కలిపే ప్లగ్గు. ముందు మాడ్యూల్ కప్లర్ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. జర్మన్ వైరింగ్ పటాల్లో 30 అంటే ఎప్పుడూ ఉండే ప్లస్, 15 అంటే ఇగ్నిషన్ వేస్తే వచ్చే ప్లస్, 31 అంటే ఎర్త్. 30కీ 31కీ మధ్య 12 వోల్టులు లేకపోతే ఫ్యూజులోనో ఎర్త్‌లోనో తప్పుంది. ఎర్త్ తీగను పెయింటు మీదే బిగించి వదిలేయడం నేను ఎక్కువగా చూసిన పొరపాటు. ఫ్యాక్టరీ ఇచ్చిన ఎర్త్ బోల్టు దగ్గరికి తీగ తీసుకెళ్లడానికి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

కరెంటు ఉండి కూడా కనబడకపోతే క్యాన్ తీగలు చూడాలి. మెలితిప్పిన ఈ రెండు తీగల మీదే మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. హై స్పీడ్ క్యాన్ అయితే బ్యాటరీ విప్పి రెండింటి మధ్య రెసిస్టెన్స్ కొలవండి. 60 ఓమ్‌ల దగ్గర ఉంటే లైన్ బాగుంది. 120 వస్తే ఒక చివర తెగింది. దాదాపు సున్నా వస్తే రెండు తీగలూ ఎక్కడో తగులుకున్నాయి. 40 వస్తే తెచ్చిన మాడ్యూల్‌లోనే 120 ఓమ్‌ల టెర్మినేటర్ (లైన్ చివర పెట్టే రెసిస్టర్) ఉందని అర్థం. అది లైన్ చివర కూర్చునే రకం, మీరు మధ్యలో పెట్టారు. వేరే పార్టు నంబరు తేవలసిందే. తర్వాత బ్యాటరీ కలిపి ఇగ్నిషన్ వేస్తే మీటరులో హై తీగ మీద సుమారు 2.6, లో తీగ మీద సుమారు 2.4 వోల్టులు కనిపించాలి. రెండూ తారుమారుగా కలిపితే కొత్త మాడ్యూల్‌తో పాటు ఆ లైన్ మీద ఉన్నవన్నీ మూగబోతాయి. డాష్‌బోర్డు మీద దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగితే కంగారుపడకుండా ముందు ఇది చూడండి. తీగలు అతికేటప్పుడు మెలిక విప్పే పొడవు నాలుగైదు సెంటీమీటర్లు మించనివ్వవద్దు.

తీగలన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే ల్యాప్‌టాప్ తెరవాలి. ఆడీలో స్కానర్ చూపే 19వ చిరునామాలో గేట్‌వే, అంటే మాడ్యూళ్ల లైన్లన్నిటినీ కలిపే పెట్టె ఉంటుంది, అందులో ఒక హాజరుపట్టీ ఉంటుంది. పిల్లవాడు బడికొచ్చి కూర్చున్నా పట్టీలో పేరు లేకపోతే మాస్టారు పిలవరు కదా, ఇదీ అంతే. పట్టీలో ఆ మాడ్యూల్‌కు టిక్కు పెట్టాలి. బీఎండబ్ల్యూలో వెహికల్ ఆర్డర్‌కు కోడ్ చేర్చాలి: వెనక కెమెరాకు 3ఏజీ, పార్కింగ్ సెన్సార్లకు 508. చేర్చాక సంబంధించిన మాడ్యూళ్లను మళ్లీ కోడ్ చేయాలి, అంటే కొత్త జాబితా ప్రకారం వాటి అమరికలు మళ్లీ రాయాలి.

ఆడీ వాళ్లకు మరో మెట్టు ఉంది. వేరే కారు నుంచి తీసిన మాడ్యూల్ పాత కారు ఛాసిస్ నంబరుకే కట్టుబడి ఉంటుంది. కాంపొనెంట్ ప్రొటెక్షన్ అనే ఈ తాళాన్ని కంపెనీ సర్వర్‌కు కలిపి అధీకృత సర్వీస్ సెంటర్‌లోనే తీయాలి. సామాను కొనకముందే ఆ సెంటర్‌కు వెళ్లి, తీస్తారో లేదో అడిగి తెలుసుకోండి. కొన్నాక అడిగితే బేరమాడే బలం మీ చేతిలో ఉండదు.

పాత సామాను కొంటే కప్లర్ పిన్నుల మీద పచ్చటి, తెల్లటి పొడి ఉందేమో టార్చి వేసి చూడండి. 2022 సెప్టెంబరు వానలకు బెళ్లందూరు, యమలూరు వైపు ఎన్నో ఖరీదైన కార్లు నీట మునిగాయి. నీళ్లు తాగిన మాడ్యూల్ నెల పని చేసి, రెండో నెల మొరాయిస్తుంది.

బాగా పని చేసింది, సర్వీసుకు వెళ్లొచ్చాక మాయమైంది

సర్వీస్ సెంటర్‌లో సాఫ్ట్‌వేర్ కొత్తది వేస్తే కారు తన జాతకం ప్రకారం అన్నిటినీ మళ్లీ కోడ్ చేసుకుంటుంది. మీకు బిగించినవారు వెహికల్ ఆర్డర్‌లో కోడ్ చేర్చకుండా, ఒక్క మాడ్యూల్‌లో ఒక్క గడి మాత్రం మార్చి వదిలేసి ఉంటారు. ఆ మార్పు తుడిచిపెట్టుకుపోతుంది. కోడ్‌ను ఆర్డర్‌లోనే రాయించండి. పని పూర్తయ్యాక పాత, కొత్త జాబితాలు రెండూ పెన్ డ్రైవ్‌లో అడిగి తీసుకోండి. ఇవ్వను అన్నవారి చేత నేను పని చేయించను.

తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతోంది

దీని మీద నాకు కొంచెం ఎక్కువ చెప్పాలని ఉంది. ఒక సంక్రాంతికి కారును అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో పెట్టి రైల్లో కర్నూలు వెళ్లాం. నాలుగో రోజు తిరిగొచ్చి తాళం నొక్కితే తలుపు కూడా తెరుచుకోలేదు. పండగకు ముందు వారమే ఒక దుకాణంలో కెమెరా ఇంటర్‌ఫేస్ పెట్టె బిగించారు. దానికి ఎప్పుడూ ఉండే ప్లస్ ఇచ్చారు. అది నిద్రపోలేదు, తన లైన్ మీది మాడ్యూళ్లను నిద్రపోనివ్వలేదు.

తాళం వేశాక ఈ కార్లు మెల్లగా నిద్రలోకి జారుకుంటాయి. అరగంట, కొన్నిటికి గంట పడుతుంది. ఆ తర్వాత లాగే కరెంటు సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్లలోపే ఉండాలి. అంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, 80 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి లెక్కలోకి రానంత. అదే మాడ్యూళ్లు మేలుకుని 5 ఆంపియర్లు లాగుతుంటే ఆ బ్యాటరీ 16 గంటల్లో ఖాళీ.

కొలిచే పద్ధతి ఇది. బానెట్ ఎత్తి, తలుపు తెరిచి, తలుపు తాళం కొక్కేన్ని స్క్రూడ్రైవర్‌తో మూయండి. తలుపు మూసే ఉందని కారు అనుకుంటుంది. తాళం వేసి, తాళంచెవిని ఇంట్లో పెట్టి రండి. గంట ఆగండి. అప్పుడు మల్టీమీటర్‌ను మిల్లీ వోల్టుల మీద పెట్టి ఒక్కొక్క ఫ్యూజు నెత్తి మీద రెండు చుక్కల మధ్య కొలవండి. కరెంటు పోని ఫ్యూజు మీద సున్నా వస్తుంది. ఏదైనా అంకె కనబడిన ఫ్యూజు అనుమానితుడు. ఫ్యూజులు పీకి చూడటం మానుకోండి. తిరిగి పెట్టగానే ఆ మాడ్యూల్ మేలుకుంటుంది, మీ గంట మళ్లీ మొదటికొస్తుంది.

దొంగ దొరికాక పరిష్కారం రెండు విధాలు. విడిగా బయట కొన్న పెట్టె అయితే దాని ప్లస్‌ను ఇగ్నిషన్‌తో వచ్చే 15కు మార్చండి. అసలు కంపెనీ మాడ్యూల్ అయితే దానికి 30 ఉండవలసిందే. అది నిద్రపోకపోవడానికి కారణం పైన చెప్పిన హాజరుపట్టీలో పేరు లేకపోవడం కావచ్చు, లేదా తప్పు వేరియంట్ కావచ్చు. బ్యాటరీ చచ్చి కొత్తది వేస్తే బీఎండబ్ల్యూలో ఆ సంగతి స్కానర్‌తో నమోదు చేయించడం మరిచిపోకండి. లేకపోతే కొత్త బ్యాటరీని పాతదనుకునే ఛార్జ్ చేస్తుంది.

రివర్స్ వేస్తే కెమెరా బొమ్మ వణుకుతోంది, లేదా నలుపు తెలుపుల్లో వస్తోంది

వణకడానికి కారణం ఎక్కువసార్లు రివర్స్ లైటు తీగ. ఈ కార్లలో బల్బు బాగుందో లేదో చూసుకోవడానికి కంప్యూటర్ ఆ తీగలోకి చిన్న చిన్న తరంగాలుగా కరెంటు పంపుతుంది. కెమెరాను నేరుగా ఆ తీగకు కలిపితే అదీ దానితో పాటే వెలిగి ఆరుతుంది. కెమెరాకు ఫ్యూజు నుంచి విడిగా ప్లస్ ఇచ్చి, రివర్స్ తీగను రిలేకు (సైగ అందితే కరెంటు కలిపే స్విచ్) సైగగా మాత్రమే వాడండి. బొమ్మ రంగులు లేకుండా వచ్చినా, పైకీ కిందకీ దొర్లినా కెమెరా ఎన్‌టీఎస్‌సీ అనే వీడియో పద్ధతిలో పంపుతుంటే స్క్రీన్ పాల్ అనే వేరే పద్ధతి కోసం చూస్తోందని అర్థం. కొన్ని కెమెరాలకు ఇది మార్చుకునే వీలు ఉంటుంది; లేకపోతే కెమెరానే మార్చాలి.

అద్దాలకు మోటారు ఉంది, కోడింగ్ అయింది, అయినా ముడుచుకోవు

తలుపు లోపలి మాడ్యూల్ పార్టు నంబరు చూడండి. కింది వేరియంట్ కారులో ఆ మాడ్యూల్‌కు ముడిచే మోటారును నడిపే భాగమే పెట్టి ఉండకపోవచ్చు. కప్లర్‌లో ఆ గడులు ఖాళీగా ఉంటాయి. ఎంత కోడింగ్ చేసినా లేని భాగం రాదు. పై వేరియంట్ తలుపు మాడ్యూల్, స్విచ్‌తో సహా కొనాలి. ఈ ఒక్క సమాచారం ముందే తెలిస్తే ఆదా అయ్యే డబ్బు చాలా ఎక్కువ.

డిక్కీ సగంలో ఆగిపోతోంది

చేత్తో పూర్తిగా మూసి, మళ్లీ పూర్తిగా తెరిచి, కంపెనీ చెప్పిన పద్ధతిలో దానికి రెండు చివరలూ నేర్పించాలి. నేర్పించినా ఆగితే, తెచ్చిన మోటారు కడ్డీలు వేరే బరువున్న డిక్కీవి అయి ఉంటాయి.

యాంప్లిఫయర్ చేర్చగానే పాట, స్క్రీన్ శబ్దం అన్నీ పోయాయి

బీఎండబ్ల్యూ 2001లో 7 సిరీస్‌తో తెచ్చిన మోస్ట్ అనే పద్ధతిలో ఆడియో సామాను అంతా ఒకే కాంతి తీగ మీద వలయంలా కూర్చుంటుంది. తర్వాత ఆడీ, మెర్సిడెస్ కూడా ఎన్నో మోడళ్లలో దీన్నే వాడాయి. వలయం ఒక్కచోట తెగితే అందరూ మూగే. కొత్త యాంప్లిఫయర్ కప్లర్ విప్పి చూడండి: వచ్చే తీగ చివర ఎర్రటి వెలుగు కనిపించాలి. కనబడకపోతే లోపం దాని ముందున్న పెట్టెలోనో తీగలోనో ఉంది. వెలుగు ఉంటే యాంప్లిఫయర్ తీసి, ఆ రెండు తీగలనూ లూప్ కప్లర్‌తో కలపండి. శబ్దం తిరిగి వస్తే తప్పు కొత్త పెట్టెదే. ఈ తీగను 25 మిల్లీమీటర్ల కంటే చిన్న వంపులో వంచితే లోపల వెలుగు చెదిరిపోతుంది. కార్పెట్ కింద మడతపడిందేమో చూడండి.

జపాన్ నుంచి దిగిన స్టీరియో అయితే రేడియో విషయం కూడా చూసుకోండి. అక్కడి ఎఫ్ఎం 76 మెగాహెర్ట్‌జ్ నుంచి మొదలై చాలా సెట్లలో 90 దగ్గర ఆగిపోతుంది. బెంగళూరు ఆకాశవాణి రెయిన్‌బో 101.3లో ఉంది.

హెడ్‌లైట్లు మార్చాక ఎదుటివాళ్లు లైటు కొట్టి తిడుతున్నారు

వాళ్ల కోపం న్యాయమే. కుడివైపు నడిచే దేశాల కారు హెడ్‌లైట్ డిమ్‌లో కూడా కుడి అంచున పైకి లేస్తుంది. మన రోడ్డు మీద ఆ వెలుగు సరిగ్గా ఎదుటి బైకు నడిపేవారి కళ్లలో పడుతుంది. మనలాగే ఎడమవైపు నడిచే బ్రిటన్, జపాన్, ఆస్ట్రేలియా కార్ల సామానే తెచ్చుకోవాలి. కొన్ని జినాన్ లైట్ల లోపల వెలుగు అంచును సమం చేసే చిన్న మీట ఉంటుంది, కానీ అది పూర్తి పరిష్కారం కాదు. కారు బరువును బట్టి లైటును దించే సెన్సార్ కూడా బిగించారో లేదో అడగండి.

చట్టం మాట కూడా ఇక్కడే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. మీ మోడల్‌కే కంపెనీ తయారు చేసిన పార్టు నంబరు వాడి, బిల్లు దాచుకోండి. విద్యుత్ సామాను విలువను బీమా పాలసీలో విడిగా, ఐఎంటీ 24 అనే అదనపు క్లాజు కింద రాయించండి.

సీటు మార్చాక ఎయిర్‌బ్యాగ్ దీపం ఆరడం లేదు

బెంగళూరు ట్రాఫిక్‌లో గాలి వచ్చే సీటు మీద ఆశ పుట్టడం సహజం. కానీ ఆ సీటులో పక్క ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, దాని కప్లర్ పసుపు రంగులో ఉంటుంది. సీటు విప్పి ఉండగా ఎవరైనా ఇగ్నిషన్ వేస్తే తప్పు నమోదై దీపం వెలుగుతుంది. కప్లర్ బిగించి, స్కానర్‌తో తుడిస్తే పోతుంది. తుడిచినా తిరిగి వస్తే సీటులో మనిషి ఉన్నాడో లేదో చూసే సెన్సార్ మీ కారు రకం కాకపోవచ్చు, లేదా కప్లర్ సగమే దిగి ఉండవచ్చు. ఈ పనికి ముందు బ్యాటరీ విప్పి, మీ మోడల్ మాన్యువల్ చెప్పినన్ని నిమిషాలు తప్పకుండా ఆగాలి. పసుపు కప్లర్‌లో మల్టీమీటర్ ఎన్నడూ పెట్టవద్దు. మీటరు పంపే కొద్దిపాటి కరెంటుకే ఎయిర్‌బ్యాగ్ పేలవచ్చు. ఈ ఒక్క పనీ శిక్షణ ఉన్నవారి చేతే చేయించండి.

పని అయ్యాక ఇగ్నిషన్ వేసి ఆ దీపాన్నే చూడండి. కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకుండా ఉంటే తప్పును సరిచేయకుండా దీపాన్నే ఆపేసి ఉంటారు. అది వెలిగి ఆరేదాకా కారును ఆ దుకాణం నుంచి బయటికి తీసుకురావద్దు.