ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ అప్‌గ్రేడ్ ఎలా ఎక్కించాలి?

బరంపురంలో పాతిక కంప్యూటర్లున్న ఒక ఆఫీసు నెట్‌వర్క్ నేను చూసుకుంటాను. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది కదా, అప్పట్నుంచి అందరిదీ ఒకటే మాట: "ఆదివారం కూర్చుని అన్నిటికీ విండోస్ 11 కొట్టేద్దాం." అలా చెయ్యకండి. 2024 జులై 19న ఒక్క సెక్యూరిటీ అప్‌డేట్ ఫైలు తేడా చేస్తే ప్రపంచమంతా కలిపి 85 లక్షల విండోస్ మెషీన్లు నీలి తెర చూపించి కూర్చున్నాయి. విడతలుగా వెళ్లడమే క్షేమం.

ముందు ఒక రిజిస్టరు రాయండి. ఏ బల్ల మీద ఏ మెషీను, ర్యామ్ ఎంత, డిస్కులో ఖాళీ ఎంత, ఏ ప్రింటరు. విండోస్ 11కి 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి. 4 జీబీ అన్నది కాగితం మీది లెక్క. 8 లేకపోతే నేను ముట్టుకోను. టీపీఎం లేదని చూపిస్తే వెంటనే పక్కన పెట్టేయకుండా బయాస్‌లో (విండోస్ మొదలవకముందు తెరుచుకునే సెట్టింగుల్లో) చూడండి, చాలాసార్లు అక్కడ ఆఫ్ చేసి ఉంటుంది.

మా వైపు రిజిస్టరులో ఇంకో గడి తప్పదు: ఫాంట్లు. ఒడియా ఉత్తరాలు ఆకృతిలో, తెలుగు కరపత్రాలు అనులో కొట్టే మెషీన్లు ఇంకా ఉన్నాయి. ఇవి అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిదైన యూనికోడ్ పద్ధతివి కావు, టైపు చెయ్యాలంటే వీటి సొంత కీబోర్డు ప్రోగ్రాం నడవాలి. ఒకసారి ఇది చూసుకోకుండా అప్‌గ్రేడ్ ఎక్కించాను. పాత ఫైళ్లు చక్కగా తెరుచుకున్నాయి, కొత్తగా టైపు చేస్తే మాత్రం ఇంగ్లీషు అక్షరాలే. "ఆగ్యాం (అయ్యా), నా కీబోర్డుకేమయింది?" అని టైపిస్టు గుమ్మంలో నిలబడ్డాడు. ఆ రోజు ఉత్తరాలు చేత్తో రాసి పంపారు. అప్పట్నుంచి మొదటి ప్రయోగం నా మెషీను మీద, రెండోది ఆయన మెషీను మీద. వారం రోజులు రెండు భాషల్లో టైపు, ప్రింటు, స్కాను అన్నీ నడిస్తేనే మిగతావి.

ఫైళ్లకు బ్యాకప్ తీశాక, డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్నవాటి 48 అంకెల రికవరీ కీని కాగితం మీద ప్రింటు తీసి బీరువాలో పెట్టండి. అదే కంప్యూటర్లో దాచుకుంటే తాళంచెవి పెట్టెలో పెట్టి తాళం వేసినట్టే.

సర్వరు ఉంటే, దాని నుంచి అప్‌డేట్లు పంచే డబ్ల్యూసస్‌లో కంప్యూటర్లను మూడు గుంపులు చేసి ఒక్కో గుంపుకే అనుమతి ఇవ్వండి. లేకపోతే విండోస్ అప్‌డేట్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో డెలివరీ ఆప్టిమైజేషన్ ఆన్ చేసి, లోకల్ నెట్‌వర్క్ వరకే ఎంచుకోండి. ఒక మెషీను దించుకున్నది పక్కవి పంచుకుంటాయి, నెట్ మీద బరువు తగ్గుతుంది.

లోపాలు సరిదిద్దే నెలవారీ ప్యాచ్‌లు రెండో మంగళవారం రాత్రి పదిన్నర, పదకొండున్నర ప్రాంతంలో మనకు వస్తాయి. నేను వారం ఆగుతాను, నెలలు మాత్రం ఆగను. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వన్నాక్రై వైరస్ దొరకబుచ్చుకున్నది మార్చిలోనే వచ్చిన ప్యాచ్ వేయని మెషీన్లనే. వేసవి సాయంత్రాలు మొదలుపెట్టకండి. కాలబైశాఖి గాలి లేచిందంటే కరెంటు పోతుంది, సగంలో ఆగిన అప్‌గ్రేడ్ పీడకల. ముందే యూపీఎస్ తీగ పీకి బ్యాటరీ ఎన్ని నిమిషాలు మోస్తుందో చూడండి.

క్యాషు కౌంటరు అన్నిటికన్నా చివర. నచ్చకపోతే పాత విండోస్‌కి వెనక్కి వెళ్లడానికి 10 రోజులే గడువు, అందాకా విండోస్ ఓల్డ్ ఫోల్డరు చెరపొద్దు.

మా దగ్గర టీపీఎం లేని పాతవి రెండు మిగిలాయి. నెట్ తీగ పీకేసి, ఒకటి స్కానరుకి, ఒకటి ఆకృతికి వదిలేశాను.