ఇంటి కరెంటు సామాను కొనడం: 7వ పాఠం – ఆవిరి మిషన్, రాడ్లదా ప్లేటుదా?

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కకు ముందు జవాబు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె వేస్తే కరెంటు మీటరు లైటు నిమిషానికి ఎన్నిసార్లు మిణుక్కుమనాలి అన్నది ఆ లెక్క. మీ మీటరు మీద 3200 ఇంపల్సులని ఉంటే, దాని ఎర్ర లైటు 3200 సార్లు మిణుక్కుమన్నప్పుడు ఒక యూనిట్ కాలినట్టు. అంటే ఒక్కో మిణుకుకు 1125 జౌళ్లు (ఒక వాటు అంటే సెకనుకు ఒక జౌలు ఖర్చు). ఇంట్లో అన్నీ ఆపేసి వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె ఒక్కటే వేస్తే నిమిషానికి 53 మిణుకులు రావాలి. కొందరికి 30 దగ్గరే ఆగి ఉంటుంది. పెట్టె పాతదని కాదు, వేడి ఎక్కగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ మధ్యలో ఆపేసిందని అర్థం. పెట్టె చల్లగా ఉన్నప్పుడే మొదటి నిమిషం లెక్కబెట్టమని అందుకే అన్నాను. ఈ లెక్క ఈ రోజూ అవసరం పడుతుంది, మర్చిపోవద్దు.

ఈసారి సామాను ఆవిరి మిషన్. షాపులో వేపరైజర్ అంటారు, స్టీమర్ అంటారు. ముక్కు బిగుసుకుపోయినప్పుడు తువ్వాలు కప్పుకుని మొహం పెట్టేది. కోవిడ్ రోజుల్లో మా వీధిలో ఇది కొనని ఇల్లు లేదు. ఇప్పుడు సగం ఇళ్లలో అటకమీద ఉంది. నీళ్లు లేకుండా ఎండాకును వేడిగాలితో కాచి పీల్చే బల్లమీది యంత్రాలు వేరే ఉన్నాయి, జర్మనీ వాటికి పెద్ద పేరు. మన దేశంలో 2019 ఈ-సిగరెట్ల నిషేధ చట్టం, కాల్చకుండా వేడిచేసే సాధనాలను కూడా కలుపుకుంది కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. మన వామూ, తులసీ, వావిలాకూ నీటి ఆవిరితోనే.

నా కథ చెప్తా. కర్నూలులో కొండారెడ్డి బురుజు దగ్గర ఒక షాపులో, ఉన్నవాటిలో చవకది చూసి కొన్నాను. ఇంటికి తెచ్చి ఆర్వో నీళ్లు పోసి స్విచ్ వేశాను. పావుగంటైనా నీళ్లు గోరువెచ్చన దాటలేదు. డబ్బాలో కాగితం ఒకటి ఉంది, నేను చదవలేదు. పాడైన మాల్ అంటగట్టాడని మిషన్ చంకన పెట్టుకుని తిరిగి పోతే, షాపాయన ఏమీ మాట్లాడకుండా గల్లాపెట్టె పక్కనుంచి ఉప్పు పొట్లం తీసి చిటికెడులో సగం వేశాడు. నిమిషం తిరక్కముందే బుడబుడలాడింది. "మిషన్‌ది కాదప్పా తప్పు, మీ నీళ్లది" అన్నాడు.

తర్వాత అదే మిషన్‌ను అనంతపురంలో మా అక్కకు ఇచ్చాను. ఉప్పు వెయ్యమని మరీ మరీ చెప్పాను. వారం లోపలే ఫోను. "ఏం మిషన్ ఇచ్చినావురా, ఉడుకు నీళ్లు మూతిలోంచి ఎగజిమ్ముతాండాయి, కరెంటు పడిపోతాంది. పిల్లోనికి కాలుండేది తెలుసా?" అక్కావాళ్లది బోరు నీళ్లు. అందులో నా మాట విని ఉప్పు కూడా వేసింది.

ఒకే మిషన్. కర్నూలులో చచ్చిన పాములా పడుంది, అనంతపురంలో పూనకం వచ్చినట్టు ఎగిరింది. ఎందుకో అర్థమైతే ఈ పాఠంలో ముప్పావు వంతు వచ్చినట్టే.

లోపల ఏముంది

షాపులో ఎన్ని రంగులు, ఎన్ని బొమ్మలు కనపడినా లోపల ఉండేవి రెండే రకాలు. మూత తీసి అడుగు చూడండి. రెండు సన్నటి లోహపు కడ్డీలో, ఎదురెదురుగా రెండు రేకులో కనపడితే అది రాడ్ల మిషన్. అడుగున నున్నటి లోహపు పళ్లెం కనపడితే ప్లేటుది. ప్లేటు మిషన్‌లో ఎలిమెంట్ ఆ పళ్లెం కింద దాగి ఉంటుంది, కరెంటుకూ నీళ్లకూ సంబంధం లేదు. మీ రైస్ కుక్కర్ లాంటిదే.

రాడ్ల మిషన్‌లో అసలు ఎలిమెంటే లేదు. ఒక కడ్డీ నుంచి ఇంకో కడ్డీకి కరెంటు నీళ్లలోంచే పోతుంది. నీళ్లే ఎలిమెంట్. ఉత్త నీళ్లలో కరెంటు సరిగా పారదు, అందులో కరిగిన లవణాలే దాన్ని మోస్తాయి. ఆర్వో మిషన్ చేసే పనే ఆ లవణాలను తీసెయ్యడం. అందుకే నా ఇంట్లో నీళ్లు మరగలేదు. బోరు నీళ్లలో లవణాలు ముందే దండిగా ఉన్నాయి, పైన ఉప్పు పడింది, అందుకే అక్క ఇంట్లో ఎంసీబీ పడిపోయింది.

మన సీమ నీళ్ల సంగతి తెలిసిందే కదా. బేతంచెర్ల బండలు, కడప నాపరాళ్లు, ఊరి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు: ఇవన్నీ ఉన్నది నేలకింద సున్నపురాయి ఉండబట్టి. ఆ రాయి కరిగిన నీళ్లే చాలా చోట్ల బోరులో పైకొస్తాయి. తాగే నీళ్లకు భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే దిక్కు లేకపోతే 2000 వరకు సరేనంటుంది. ఈ రెండు అంకెల మధ్య నాలుగు రెట్ల తేడా ఉంది. రాడ్ల మిషన్‌కు అది సన్నటి సెగకూ పెద్ద మంటకూ ఉన్నంత తేడా.

మీటరుతో చూద్దాం

అక్క ఇంటికి పోయినప్పుడు నేనే కూర్చుని లెక్కబెట్టాను. ఫ్యాన్లు, ఫ్రిజ్ అన్నీ ఆపించాను. వేసవి మధ్యాహ్నం, ఇంట్లో అందరూ నన్ను తిట్టుకుంటూ వరండాలో కూర్చున్నారు. ఉప్పు వెయ్యకుండా ఒట్టి బోరు నీళ్లు పోసి స్విచ్ వేస్తే మొదటి నిమిషంలో 17 మిణుకులు. 17ను 1125తో గుణించి 60తో భాగించండి: సుమారు 320 వాట్లు. బాగానే ఉంది కదా అనుకున్నాను. నీళ్లు మరగడం మొదలయ్యాక మళ్లీ లెక్కబెడితే 28. అంటే 525 వాట్లు.

మిషన్ మారలేదు, నీళ్లు మారలేదు. మరి కరెంటు ఎందుకు పెరిగింది? వేడెక్కే కొద్దీ నీళ్లలో కరెంటు ఇంకా సులువుగా పారుతుంది. పైగా నీళ్లు ఆవిరై పోతుంటే లవణాలు పోవు, మిగిలిన నీళ్లలోనే చిక్కబడతాయి. అందుకే రాడ్ల మిషన్ మొదట నెమ్మదిగా ఉండి పోనుపోను రెచ్చిపోతుంది. ఉప్పు వేసేవాళ్లు చేసే తప్పు ఇక్కడే. ముందర ఆవిరి రావడం లేదని ఇంకో చిటికెడు వేస్తారు, ఐదు నిమిషాల తర్వాత మూతి కాల్చుకుంటారు.

ఆ మిషన్‌నే ఇంటికి తెచ్చి మా మున్సిపాలిటీ కొళాయి నీళ్లతో చేస్తే 9 మిణుకులు. ఆర్వో నీళ్లతో 2. రెండు మిణుకులంటే నలభై వాట్లు కూడా కాదు, పాత కాలపు చిన్న బల్బు ఖర్చు.

ప్లేటు మిషన్‌కు ఈ గొడవ లేదు. డబ్బా మీద 300 వాట్లని ఉంటే ఏ నీళ్లు పోసినా నిమిషానికి 16 మిణుకులే. ఇక్కడ చూడాల్సింది వేరే. ఒక గ్రాము నీళ్లు మరిగాక ఆవిరి కావాలంటే 2257 జౌళ్లు కావాలి. 300 వాట్లంటే నిమిషానికి 18,000 జౌళ్లు. అంటే నిమిషానికి ఎనిమిది మిల్లీలీటర్లు ఆవిరి అవుతుంది, ఒకటిన్నర టీస్పూను. పది నిమిషాలు ఆవిరి పడితే 80 మిల్లీలీటర్లు చాలు. మరి అర లీటరు ట్యాంకు ఎందుకని అడగండి షాపులో. "ఎక్కువసేపు వస్తుంది సార్" అంటారు. వస్తుంది, గంటసేపు. గంటసేపు ఎవరు పడతారు? పైగా ప్లేటు ట్యాంకంతా మరగబెట్టాలి. మామూలు వేడిలో ఉన్న అర లీటరు నీళ్లు మరగడానికే దగ్గర దగ్గర తొమ్మిది నిమిషాలు. వంద మిల్లీలీటర్లే పోస్తే రెండు నిమిషాల లోపే ఆవిరి మొదలు. పెద్ద ట్యాంకు మిషన్ కొన్నా ఫరవాలేదు, నింపకండి, అంతే.

ఏది కొనాలి

నన్నడిగితే ఇంట్లో చిన్నపిల్లలో, చెయ్యి వణికే పెద్దవాళ్లో ఉంటే ప్లేటుదే. ధర ఎక్కువే, అయినా సరే. రాడ్ల మిషన్‌లో స్విచ్ వేసి ఉన్నంతసేపు ఆ నీళ్లలోనే 230 వోల్టులు ఉంటాయి. మూత తీసి వేలు పెట్టి చూసేవాళ్లను నేను చూశాను. నీళ్లు తక్కువైతే ముందు ప్లగ్గు పీకి, తర్వాత మూత తీసి, తర్వాత పొయ్యాలి. జలుబుతో తల దిమ్మెక్కిన మనిషికి రాత్రి పదకొండు గంటలకు ఈ వరస గుర్తుంటుందా? నాకు ఒకసారి గుర్తు లేదు. ఏమీ కాలేదు కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రాడ్లదానికీ ఒక మంచి గుణం ఉంది, ఒప్పుకోవాలి. నీళ్లు కడ్డీల కిందికి దిగిపోతే కరెంటు దారి తెగిపోయి దానంతట అదే ఆగుతుంది. చెడిపోవడానికి అందులో కటాఫ్ (నీళ్లు అయిపోతే కరెంటు ఆపేది) లేదు, థర్మోస్టాట్ లేదు. ప్లేటుది ఆగాలంటే కటాఫ్ పని చెయ్యాలి. అది పని చెయ్యకపోతే ప్లాస్టిక్ కరుగుతుంది. అందుకే ప్లేటుది కొన్న మొదటి రోజే పరీక్ష చెయ్యండి. డబ్బా మీద ఆటో కటాఫ్ అని రాసి ఉంటేనే సుమా. రెండు చెంచాల నీళ్లు పోసి, పక్కనే నిలబడి, నీళ్లు ఇగిరిపోయేదాకా చూడండి. దానంతట అది ఆగితే సరే. ఆగకముందే కాలిన వాసన వస్తే ప్లగ్గు పీకి, బిల్లుతో సహా వెనక్కి పట్టుకెళ్లండి.

నీళ్ల వైపు నుంచి చూస్తే లెక్క కొంచెం తిరకాసు. బోరు నీళ్ల ఇంట్లో రాడ్లది ప్రమాదం. ఆర్వో నీళ్ల ఇంట్లో ఉప్పు లేకుండా పనికిరాదు, ఉప్పు ఎంతన్నది ప్రతిసారీ జూదం. మధ్యరకం కొళాయి నీళ్ల ఇళ్లకు మాత్రమే అది కుదురుగా పనిచేస్తుంది. ప్లేటుది ఎక్కడైనా పనిచేస్తుంది కానీ బోరు నీళ్లు పోస్తే పళ్లెం మీద తెల్లటి సున్నం పేరుకుంటుంది, వేడి పైకి ఎక్కడం తగ్గుతుంది. బోరు ఇంటికి ప్లేటు మిషన్, అందులో క్యాన్ నీళ్లు: నేను చెప్పే జోడీ ఇది. అక్క అడిగింది, మా నీళ్లలో ఫ్లోరైడ్ ఉందంటారు కదా, ఆవిరిలో వస్తుందా అని. రాదు. లవణాలతో పాటు అదీ అడుగునే మిగులుతుంది. మిగిలిన నీళ్లు పారబోసి కడగాలి, వాటి మీదే మళ్లీ పొయ్యకూడదు.

వామూ తులసీ ట్యాంకులో వెయ్యకండి, రెండు రకాల్లోనూ. రాడ్లదాంట్లో ఆకు ముక్కలు కడ్డీల మధ్య ఇరుక్కుంటాయి, ప్లేటు మీద మాడి అంటుకుంటాయి. పసుపు వేస్తే ప్లాస్టిక్ జన్మలో తెల్లబడదు. ఆవిరి బయటికొచ్చే చోట చిన్న గిన్నె ఉన్న మోడల్ చూసుకోండి. లేకపోతే నలిపిన వామును పలచటి గుడ్డలో మూటకట్టి ఆవిరి తగిలేలా పట్టుకోండి, మిషన్ మూతి మాత్రం మూసుకుపోకూడదు. కర్పూరం, నీలగిరి తైలం చిన్నపిల్లలకు వద్దు. ఉబ్బసం ఉన్నవాళ్లు డాక్టరును అడగండి. ఆవిరి ముక్కుకు హాయినిస్తుంది, జలుబును చంపదు.

షాపుకు పోయేటప్పుడు మీ ఇంటి నీళ్లు ఒక సీసాలో పట్టుకుపోండి. షాపువాళ్లు తమ నీళ్లతో ఏ మిషన్‌నైనా బుసలు కొట్టిస్తారు. మీ నీళ్లు పోయించి, ఐదు నిమిషాలు ఆగి చూడండి. మొదటి నిమిషం కాదు, ఐదో నిమిషం. అడుగు వెడల్పుగా ఉందో లేదో, తీగ లాగితే దొర్లుతుందో లేదో అప్పుడే చూసుకోవచ్చు.

అభ్యాసం: ఒక ప్లేటు మిషన్ డబ్బా మీద 400 వాట్లని ఉంది. మీ మీటరు 1600 ఇంపల్సులది. నిమిషానికి ఎన్ని మిణుకులు రావాలి? ఆరు నెలలు బోరు నీళ్లతో వాడాక, నడుస్తున్నంతసేపు మిణుకులు అన్నే వస్తున్నాయి కానీ ఆవిరి మొదలవడానికి ముందుకంటే ఎక్కువ సేపు పడుతోంది, మధ్య మధ్య ఆగి ఆగి నడుస్తోంది. ఏం జరిగి ఉంటుంది? జవాబు 8వ పాఠంలో. దానికి ముందు కిరాణా కొట్లో యాభై గ్రాముల నిమ్మఉప్పు తెచ్చి పెట్టుకోండి.