కొత్త ఉద్యోగంలో మొదటిసారి ఏజెన్సీ ఏరియాకి ఫీల్డ్ డ్యూటీ పడితే

హైదరాబాద్ నుంచి ఏటూరునాగారం, భద్రాచలం వైపు ఆఫీసు పని మీద తొలిసారి వెళ్తున్నారా? బట్టల బ్యాగు కంటే ముందు ఫోన్ సంగతి చూసుకోండి. హనుమకొండ దాటి అడవిలోకి వెళ్లేకొద్దీ సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది. టవర్ కోసం వెతికి వెతికి ఫోన్ బ్యాటరీ గబగబా దిగిపోతుంది. సిగ్నల్ లేని చోట ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయండి. వెళ్లే మండలం మ్యాపు ఇంట్లో వైఫై మీదే ఆఫ్‌లైన్‌లో దించుకుంటే, నెట్ లేకపోయినా జీపీఎస్ దారి చూపిస్తుంది. అక్కడి ఆఫీసు వాళ్లని ఏ సిమ్ బాగా పనిచేస్తుందో అడిగి, రెండో సిమ్ రెండు రోజుల ముందే వేయించుకోండి.

యూపీఐని నమ్ముకోవద్దు. 500 నోటుకి చిన్న హోటల్లో చిల్లర దొరకదు. 50, 100 నోట్లు దగ్గరుంచుకోండి. చీకటి పడ్డాక ఊళ్లకి ఆటోలు దొరకడం కష్టం, తిరుగు బస్సు టైము దిగగానే కండక్టర్‌ని అడగండి.

బస్సు టికెట్లు జాగ్రత్త! అది థర్మల్ కాగితం. ఎండకి, జేబులో చెమటకి, ప్లాస్టిక్ కవర్లో పెట్టినా అక్షరాలు వెలిసిపోతాయి. తెల్ల కాగితం ఇస్తే అకౌంట్స్ వాళ్లు టీఏ (ప్రయాణ ఖర్చుల బిల్లు) పాస్ చేయరు. తీసుకున్న వెంటనే ఫొటో తీయండి.

దోమల క్రీము, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. తిరిగొచ్చాక రెండు మూడు వారాలకి జ్వరం వచ్చినా డాక్టర్‌కి ఎక్కడికెళ్లొచ్చారో చెప్పి, మలేరియా రక్తపరీక్ష చేయించుకోండి.