ఎక్స్‌పల్స్ 200 ముందు ఫోర్కును, బ్రేకును మట్టిదారికి సిద్ధం చేసుకోవడం ఎలా?

హీరో ఎక్స్‌పల్స్ 200 కొన్న చాలామంది ఏడాది తిరగకుండానే ముందు బ్రేకు మీద నేరం మోపుతారు. పట్టు చాలడం లేదు, పెద్ద డిస్కు వేయించాలి అంటారు. నా లెక్కలో ఆ నేరంలో సగం ఫోర్కుది, అంటే ముందు చక్రాన్ని పట్టుకుని దారి దెబ్బలను మింగే స్ప్రింగు గొట్టాల జతది. లీవరు నొక్కగానే బరువు ముందుకు వచ్చి ఫోర్కు కుంగుతుంది. స్ప్రింగు మెత్తనైతే ఉన్న కదలికలో చాలావరకు అక్కడే ఖర్చయిపోతుంది. సరిగ్గా అప్పుడు రాయి అడ్డు వస్తే ఆ దెబ్బను తీసుకునే చోటు మిగలదు, చక్రం ఎగిరి టైరు పట్టు వదిలేస్తుంది. ఇలాంటి ఫోర్కు మీద మరింత బలమైన బ్రేకు పెడితే అది మరింత లోతుకు దిగుతుంది. అందుకే ముందు ఫోర్కు సంగతి చూడాలి, బ్రేకు ఆ తర్వాత.

ఇక్కడి లెక్కలు మామూలు రకానికి: 37 మి.మీ. ఫోర్కు, 190 మి.మీ. కదలిక, 276 మి.మీ. ముందు డిస్కు. ప్రో రకంలో కదలిక 250 మి.మీ., ఫోర్కుకు సర్దుబాటు కూడా ఉంటుంది కాబట్టి అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

1. కొలవండి

దీనికి ఒక టేపు, సాయానికి ఇద్దరు మనుషులు చాలు. ముందు చక్రం నేలకు తగలకుండా బండిని ఎత్తి, మెరిసే గొట్టం బయట ఎంత కనిపిస్తుందో, అంటే దుమ్ము సీలు నుంచి కింది క్లాంపు (ఫోర్కును బండికి పట్టి ఉంచే బిగింపు) వరకు, కొలిచి రాసుకోండి. తర్వాత హెల్మెట్, బూట్లు, సామానుతో సహా మీరు బండి ఎక్కండి. ఒకరు వెనక పట్టుకుంటే, రెండోవారు మళ్లీ కొలుస్తారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. సీళ్ల రాపిడి వల్ల ఫోర్కు ఒకే చోట ఆగదు. హ్యాండిల్‌ను కిందికి నొక్కి మెల్లగా వదిలినప్పుడు ఒక కొలత, పైకి లాగి మెల్లగా వదిలినప్పుడు ఇంకొక కొలత వస్తాయి. రెండింటి సగటు తీసుకుని మొదటి కొలత నుంచి తీసేస్తే మీ కుంగుడు తెలుస్తుంది.

మట్టిదారికి అది మొత్తం కదలికలో పావు నుంచి మూడో వంతు మధ్య, అంటే సుమారు 48 నుంచి 63 మి.మీ. ఉండాలి. రెండు కొలతల మధ్య తేడా మరీ ఎక్కువగా ఉంటే గొట్టాలు వంగాయేమో, సీళ్లలో బురద చేరిందేమో, చక్రం ఇరుసు బిగించినప్పుడు ఫోర్కు కాళ్లు మెలిపడ్డాయేమో చూడాలి. అది సరిచేయకుండా స్ప్రింగు కొనడం దండగ.

2. స్ప్రింగు

కుంగుడు కాస్తే ఎక్కువైతే స్ప్రింగు పైన చిన్న స్పేసరు పెట్టవచ్చు. 10 మి.మీ. స్పేసరు ముందు భాగాన్ని దాదాపు అంతే లేపుతుంది. కానీ స్ప్రింగు గట్టిపడదు, మొదలయ్యే చోటు మాత్రమే మారుతుంది. ఈ తేడా తెలియక స్పేసర్ల మీద స్పేసర్లు పేర్చేవారున్నారు. అలా పేరిస్తే గుంతలో పడినప్పుడు స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనుకుని, ఫోర్కు ఇనుప కడ్డీలా తయారవుతుంది.

గుర్తు పట్టడం సులువే. స్పేసరుతో మీ కుంగుడు సరిపోయింది, కానీ మీరు దిగితే బండి సొంత బరువుకు అసలు కుంగడం లేదంటే, స్ప్రింగు మీ బరువుకు మెత్తన. అప్పుడు గట్టి స్ప్రింగుల జత తీసుకోవాల్సిందే.

విప్పేటప్పుడు జాగ్రత్త. ముందు చక్రం మీద బరువు లేకుండా బండిని గట్టిగా ఆనించండి. పై క్లాంపు బోల్టు వదులు చేసి, కింది క్లాంపు బిగింపుగా ఉండగానే ఫోర్కు మూతను కొద్దిగా తిప్పి వదులు చేయండి. చివరి మరలు వదిలేటప్పుడు స్ప్రింగు మూతను పైకి తంతుంది, ముఖం దూరంగా ఉంచండి.

3. ఆయిల్

కొత్త స్ప్రింగు వేస్తే ఫోర్కు ఆయిల్ కూడా మార్చండి, పాతదాని రంగు చూస్తే ఎందుకో తెలుస్తుంది. గ్రేడు, పరిమాణం, మట్టం సర్వీసు మాన్యువల్‌లో ఉంటాయి. మట్టం కొలిచేది స్ప్రింగు బయటకు తీసి, ఫోర్కును పూర్తిగా కుదించి, గొట్టం అంచు నుంచి. రెండు కాళ్లలో ఒక్క మిల్లీమీటరు తేడా కూడా రాకూడదు.

చిక్కటి ఆయిల్ స్ప్రింగుకు ప్రత్యామ్నాయం కాదు. అది కదలిక వేగాన్ని తగ్గిస్తుంది, బరువును మోయదు. గొట్టం లోపలి చిన్న రంధ్రాల గుండా ఆయిల్ దూరే ఇలాంటి సాదా ఫోర్కులో చిక్కదనం పెంచితే మెల్లటి ఊగుడు తగ్గుతుంది, కానీ పదునైన రాయి తగిలినప్పుడు మణికట్లు అదురుతాయి. ఈ రెండింటినీ సర్దడానికే, దెబ్బ వేగాన్ని బట్టి ఆయిల్ దారిని మార్చే ఎమ్యులేటర్ వాల్వులు వచ్చాయి. రేస్ టెక్ గోల్డ్ వాల్వ్ అలాంటిదే. వేగంగా నడిపేవారికి అది డబ్బుకు తగ్గ మార్పు. వారాంతంలో అనంతగిరి ఎర్రమట్టి దారులకు వెళ్లేవారికి స్ప్రింగు, ఆయిల్ చాలు.

ఫోర్కు చివరి దాకా కుంగి కొట్టుకుంటుంటే ఆయిల్ మట్టాన్ని 10 మి.మీ. చొప్పున పెంచవచ్చు. లోపలి గాలి చోటు తగ్గి, కదలిక చివర మాత్రమే గట్టిపడుతుంది. గొట్టానికి ప్లాస్టిక్ జిప్ టై కట్టి నడపండి. అత్యంత కఠినమైన దెబ్బకు అది దాదాపు చివరి దాకా జారాలి. ఎప్పుడూ సగంలోనే ఆగితే మీరు మరీ గట్టిగా చేశారన్నమాట.

4. బ్రేకు

ఇక్కడ ఖర్చు తక్కువ, శుభ్రం ఎక్కువ. క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) విప్పి, జారే పిన్నులను తుడిచి, రబ్బరుకు హాని చేయని సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. ఇవి బిగుసుకుంటే ఒక ప్యాడే అరుగుతుంది, లీవరు బండబారుతుంది. డిస్కు మందం దాని మీదే చెక్కి ఉన్న కనీస కొలత కంటే తగ్గితే మార్చాలి.

బ్రేకు ద్రవం మార్చిన తేదీ గుర్తు లేదంటే మార్చే సమయం వచ్చినట్లే. డాట్ 4 రకం ద్రవం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. మారేడుమిల్లి ఘాట్ దిగుతుండగా లీవరు మెత్తబడడానికి ఒక కారణం ఇదే. రెండేళ్లకోసారి మార్చడం మంచిది. డాట్ 5 సిలికాన్ ద్రవం కలపకూడదు. ఏబీఎస్ యూనిట్‌లో గాలి చేరితే ఇంట్లో చేసే బ్లీడింగ్‌తో (ద్రవాన్ని వదిలి గాలి బయటకు తీయడం) పోకపోవచ్చు, సర్వీసు సెంటర్‌కు వెళ్లండి.

ఆ తర్వాతే ప్యాడ్లు. సింటర్డ్ రకం (లోహపు పొడిని వేడితో గట్టిపరిచినది) తడిలో, బురదలో, వేడిలో నిలుస్తుంది. డిస్కును ఎక్కువ అరగదీస్తుంది, కాస్త కీచుమంటుంది. స్టీలు అల్లిక ఉన్న బ్రేకు గొట్టం వేస్తే లీవరులో స్పష్టత పెరుగుతుంది. పెద్ద డిస్కు కిట్ ఇవన్నీ అయ్యాక, అదీ అవసరమనిపిస్తేనే.

కొత్త ప్యాడ్లు వేశాక ఖాళీ రోడ్డు మీద గంటకు 50 కి.మీ. నుంచి 10 దాకా తగ్గిస్తూ, చక్రం లాక్ కాకుండా, 20 సార్లు బ్రేకు వేయండి. మధ్యలో చల్లారనివ్వండి. అలా చేస్తే ప్యాడ్లు డిస్కుతో కుదురుకుంటాయి.

పరీక్ష ఒకే దారిలో, ఒకే టైరు గాలితో, ఒక్కో మార్పుతో జరగాలి. కొన్ని వందల కిలోమీటర్లయ్యాక కొత్త స్ప్రింగులు కాస్త సర్దుకుంటాయి కాబట్టి కుంగుడు మళ్లీ కొలిచి, క్లాంపు, ఇరుసు, క్యాలిపర్ బోల్టులను టార్క్ రెంచితో మాన్యువల్ చెప్పిన బిగింపుకు చూసుకోండి.