టిక్కీ బరువు సరిచూసే పైథాన్ అభ్యాసం

గుంటూరులో పైథాన్ మొదలుపెట్టేవాళ్లకు నేను ఇచ్చే లెక్క మిర్చి యార్డు కాటాది. టిక్కీ, అంటే మిర్చి బస్తా, బరువు అడగాలి, తప్పుగా రాస్తే ఎందుకు తప్పో చెప్పి మళ్లీ అడగాలి. బ్యాంకు ఖాతా అభ్యాసాలు చూసి చూసి విసుగెత్తింది.

ముందు తప్పులను విడదీయండి. ‘నలభై’ అని టైపు చేస్తే రాసినదాన్ని దశాంశ సంఖ్యగా మార్చే ఫ్లోట్ దాన్ని మార్చలేక వాల్యూఎర్రర్ అనే ఎక్సెప్షన్ (తప్పు జరిగిందనే సంకేతం) లేపుతుంది. ‘-40’ మాత్రం పైథాన్ దృష్టిలో నిక్షేపమైన సంఖ్య. బరువు సున్నా కంటే ఎక్కువ ఉండాలన్నది మన నియమం; అది మీరితే లేచే ఎక్సెప్షన్ కూడా మనదే కావాలి. క్లాస్ అని రాసి, ‘బరువుతప్పు’ అని పేరుపెట్టి, బ్రాకెట్లలో ఎక్సెప్షన్ అని ఇచ్చి, కింద పాస్ (ఇంకేమీ చేయనక్కర్లేదు) అంటే సరి. పైథాన్ 3 తెలుగు పేర్లను ఒప్పుకుంటుంది.

తర్వాత ‘బరువు_చూడు’ అనే ఫంక్షన్. టైపు చేసినదాన్ని ఫ్లోట్‌గా మార్చి, సున్నాకు మించి 60 కిలోల హద్దులో ఉంటే తిరిగివ్వాలి, లేకుంటే బరువుతప్పును రెయిజ్ చేయాలి, అంటే లేపాలి. ఇందులో ఇన్‌పుట్, ప్రింట్ రెండూ వద్దు. అప్పుడే కీబోర్డు ముట్టకుండా పరీక్షించగలరు.

షరతు రాసే తీరులో ఒక మెలిక ఉంది. ‘సున్నా లేదా తక్కువైతే, 60 దాటితే తప్పు’ అని రాయకండి. ‘సున్నాకు మించి 60 వరకు ఉంటేనే ఒప్పు’ అని రాసి, దానికి ముందు నాట్ (కాకపోతే) పెట్టండి. ఎవరైనా ఎన్, ఏ, ఎన్ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు కొడితే ఫ్లోట్ దాన్ని ‘సంఖ్య కాదు’ అనే ప్రత్యేక విలువగా కిమ్మనకుండా తీసుకుంటుంది. ఆ విలువను దేనితో పోల్చినా పెద్దా కాదు, చిన్నా కాదు. మొదటి పద్ధతిలో దర్జాగా లోపలికి వచ్చేస్తుంది, రెండోదానిలో గేటు దగ్గరే ఆగుతుంది. 60 కిలోలంటారా, అది ఈ అభ్యాసానికి నేను గీసిన గీత.

‘చెల్లని ఇన్‌పుట్’ అన్న సందేశం ఎవరికీ పనికిరాదు. ‘455 కిలోలని రాశారు, 60 దాటకూడదు. చుక్క మరిచారేమో చూడండి’ అని చెప్పండి.

ఇక సరైన బరువు వచ్చేదాకా తిరిగే వైల్ లూపులో ట్రై, దాని కింద లేచిన ఎక్సెప్షన్‌ను పట్టే రెండు ఎక్సెప్ట్‌లు: వాల్యూఎర్రర్‌కు ‘అంకెల్లో రాయండి’ అనేది ఒకటి, బరువుతప్పుకు ఒకటి. పేరు లేని ఉత్త ఎక్సెప్ట్ మాత్రం వద్దు. అది ప్రోగ్రామ్‌ను ఆపే కంట్రోల్-సిని కూడా మింగేస్తుంది, ప్రోగ్రామ్ బరువు అడుగుతూనే ఉంటుంది. బరువుతప్పును వాల్యూఎర్రర్ నుంచి పుట్టిస్తే దాని ఎక్సెప్ట్ పైన ఉండాలి. లేకపోతే 455 కొట్టినవాడికీ ‘అంకెల్లో రాయండి’ అన్న జవాబే వస్తుంది.

చివరగా 45.5, 455, ఖాళీ ఎంటర్, ‘45 కేజీలు’ ఇచ్చి చూడండి. ‘౪౫’ కూడా ఇవ్వండి. తెలుగు అంకెలను పైథాన్ ఇబ్బంది లేకుండా 45గా చదువుతుంది, నేనైతే ఆపను.