బోన్సాయ్ కోసం బాల్డ్ సైప్రస్ తవ్వేవారికి

అమెరికాలోని లూసియానా, ఫ్లోరిడా చిత్తడి నేలల్లో పెరిగే బాల్డ్ సైప్రస్‌ను బోన్సాయ్ (కుండీలో పొట్టిగా పెంచే చెట్టు) కోసం తవ్వాలనుకుంటే శీతాకాలం చివర్లో, మొగ్గలు విచ్చకముందే వెళ్లండి. స్థలం యజమాని అనుమతి ముందే తీసుకోవాలి.

ఎత్తు చూసి మోసపోకండి. చూడవలసింది కాండం మొదలు. నేల దగ్గర వెడల్పుగా, లోతైన గాడులు పడి, పైకి పోయేకొద్దీ సన్నబడే చెట్టు దొరికితే అదే అసలైన సంపద! పై భాగాన్ని ధైర్యంగా నరికేయండి. మోడు నుంచి కూడా విరివిగా చిగురిస్తుంది. వేళ్లను కాండం చుట్టూ కొద్దిగా మాత్రమే ఉంచి, అడుగున రంపంతో చదునుగా కోయండి. అప్పుడు లోతు తక్కువ కుండీలోనూ నిలకడగా కూర్చుంటుంది. ఇంత కోత కోస్తే పైన్ చెట్టు చాలావరకు బతకదు, సైప్రస్ తట్టుకుంటుంది.

ఇంటికి చేరేదాకా వేళ్లకు తడి గోనె చుట్టండి. కుండీలో చెట్టును తీగతో గట్టిగా బిగించాలి. ఊగితే లేత వేళ్లు తెగిపోతాయి. కుండీని నీళ్లున్న వెడల్పాటి తొట్టిలో ఉంచితే వేసవిలో ఎండిపోదు. చిగుళ్లు బలంగా సాగేవరకు ఎరువు వేయవద్దు. తొలి ఏడాది కొమ్మలు వంచే తొందరా వద్దు, ఎంత పెరిగితే అంత పెరగనివ్వండి.